చిన్నకోడలి గొంతు

కొండ ఎక్కడం గొర్రెల పని, మనుషుల పని కాదని నా గట్టి నమ్మకం. మనుషులకు కింద కావలసినంత నేల ఉంది. పెళ్ళయి ఈ దీవిలో కాలుపెట్టిన రోజు నుంచీ ఆ మాట మీదే ఉన్నాను. రేవు పక్కన మా టీ కొట్టు, కొట్టు వెనక ఇల్లు, ఇంటి వెనక కొండ. లాంచీ ఎక్కేవాళ్ళకూ దిగేవాళ్ళకూ టీ పోస్తూ, ఇంజను చప్పుడు మీంచి "చక్కెర వద్దన్నది ఎవరండీ?" అని అరుస్తూ నా రోజులు హాయిగా గడిచిపోయేవి. నా గొంతు గట్టిది. నేను గుసగుసలాడితే అవతలి ఒడ్డున వినబడుతుందని మా ఆయన అంటాడు. ఆయన లాంచీ నడిపే సరంగు, అవతలి ఒడ్డు సంగతి ఆయనకే తెలియాలి.

ఆ వానాకాలం మా ఇల్లు రెండు ముక్కలు కావలసింది. కాలేదు. ఎందుకు కాలేదో చెప్తాను.

మా మామయ్య జీవితమంతా గొర్రెల వెనకే నడిచారు. కొండకి ఇటు మా ఇల్లు, అటు వాలులో మా మంద మేసే పొలాలు. మధ్యలో నలుగురైదుగురి చేలు, రాతి గోడలు, గోడకో గేటు. రోజూ ఒక్కరే పొద్దున్నే కొండ దాటి వెళ్ళి మందని చూసుకుని, దీపాలవేళకి తిరిగొచ్చేవారు. ఆ ఎండాకాలం చివర్లో గోడ దాటబోయి జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. అతుక్కుంది గానీ, ఇంక కొండ మాట మరిచిపొమ్మని డాక్టరు తేల్చేశాడు. కొడుకులిద్దరికీ నీళ్ళంటే ప్రాణం, గొర్రెలంటే తలనొప్పి. మా మరిది కూడా ఆ లాంచీలోనే ఇంజను చూసుకుంటాడు.

"ఈ వానలు వెళ్ళేదాకా చూస్తాను," అన్నారు మామయ్య ఒక రాత్రి భోజనాల దగ్గర. "మందని ఎవరైనా నిలబెట్టారా, సరే. లేదంటే పొలాలూ మందా కలిపి అటు వాలు ఆసామికి ఇచ్చేస్తాను. గోడ పక్కవాడు, ఎప్పటినుంచో అడుగుతున్నాడు."

"ఇచ్చేస్తే ఇంక మాకిక్కడ ఏం పని నాన్నా? మేం అటు ఒడ్డుకి మారిపోతాం," అన్నాడు మరిది. "తనకి అక్కడ బోలెడు కుట్టుపని."

తను అంటే నా తోటికోడలు. నేను మా చిన్నది అంటాను. అంతకుముందు చలికాలంలోనే కాపురానికొచ్చింది. అటు ఒడ్డు పట్నంలో బట్టలు కుట్టే పిల్ల. వస్తూ వస్తూ కుట్టుమిషను, ఒక రెయిన్‌కోటు, మూడు గొడుగులు తెచ్చుకుంది. ఈ దీవి గాలికి గొడుగులు! మొదటి వారంలోనే మూడూ సముద్రంలో కలిశాయి.

"కొండకి నేను వెళ్తాను మామయ్యా," అంది చిన్నది.

మా ఆయనకి తాగుతున్న నీళ్ళు పొలమారాయి. మామయ్య మాత్రం నవ్వలేదు. "గేట్ల సంగతి తెలుసా అమ్మా?" అనడిగారు.

"తెలీదు. అడిగి తెలుసుకుంటాను," అంది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరింది. నేను వంటింటి కిటికీలోంచి చూశాను. పసుపు పచ్చ రెయిన్‌కోటు క్యాబేజీ చేను గట్టు మీద కాసేపు, పెద్ద బండ పక్కన కాసేపు, చివరికి శిఖరం మీద చుక్కంత కనబడి అవతలికి జారిపోయింది. దాన్ని చూస్తూ పాలు పొంగించేశాను. ఆ కాలమంతా మా ఇంట్లో పాలు పొంగుతూనే ఉన్నాయి. నేను చూడటం లేదని ఇంట్లో అందరికీ చెప్పేదాన్ని, ఎవరూ నమ్మలేదు.

మొదటి రోజు బురద బొమ్మలా తిరిగొచ్చింది. "మాట విన్నాయా?" అని మామయ్య అడిగితే, "మొదట వినలేదు మామయ్యా. తర్వాత కాసేపు మాట్లాడుకున్నాం," అంది.

గొర్రెలతో మాట్లాడుకుందట! ఆ మాట్లాడటం ఎలా ఉంటుందో చెప్పాలి. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కొలతలు తీసేవాళ్ళు అరవలేరు కదా. చిన్నప్పటినుంచీ ఆ పనిలో పెరిగిందేమో, గొంతు పెదాల మధ్యనుంచి సన్నగా, తేనె జారినట్టు వచ్చేది. ఎవరినైనా "మీరు" అనే అనేది. గొర్రెల్ని కూడా! "ఇలా రండమ్మా... అలా తోసుకోకండి, అందరికీ చోటుంది... మీరు కాస్త జరగండి, చిన్నవాళ్ళు వెనకబడ్డారు..." ఇదీ వరస. మామయ్య పిలుపు వేరు. రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేస్తే గొర్రెలు తలలెత్తి పరిగెత్తుకొచ్చేవి.

నాకు ఎవరి గొంతైనా ఇట్టే పట్టుబడుతుంది. పప్పు గరిటె చేత్తో పట్టుకుని, నడుం కాస్త వంచి, "రండమ్మా, అలా తోసుకోకండి" అని అచ్చం చిన్నదిలా అంటే మా ఆయన, మరిది పొట్టలు పట్టుకునేవారు. అందరికన్నా ఎక్కువ నవ్వేది చిన్నదే. "అక్కా, ఇంకోసారి, ఇంకోసారి!" అని వెంటపడేది. ఎవరైనా తనని వెక్కిరిస్తే ఇంత ముచ్చటగా నవ్వే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

వానలు ముదిరాయి. మా దీవిలో వాన రోజంతా ఏకధారగా కురవదు. పది నిమిషాలు దంచుతుంది, ఎండ వస్తుంది, ఆరబెట్టిన బట్ట తడి పోకముందే మళ్ళీ దంచుతుంది. చిన్నది అలాగే వెళ్ళింది, అలాగే వచ్చింది. ఒక్క గొర్రె తప్పిపోలేదు. రాత్రి మిషను ముందు కూర్చుని పాత గుడ్డలు పీలికలుగా చింపుతుంటే, ఎందుకే అనడిగాను. "కొండకి కావాలక్కా," అంది. కొండకి గౌను కుడుతున్నావా అని నేను, అవునక్కా కొలతలు తీసుకుంటున్నా అని అది. నేనింక అడగలేదు.

వానాకాలం పూర్తవడానికి వచ్చింది. మామయ్య పెట్టిన గడువు కూడా. అప్పుడు చిన్నదాని తల్లికి కంటి ఆపరేషను పడింది. "ఒక్కరోజక్కా, పొద్దుటి లాంచీకి వెళ్ళి సాయంత్రం లాంచీకి వచ్చేస్తా. మందకి దిగువ పొలంలో గడ్డి నిండుగా ఉంది," అని వెళ్ళింది. లాంచీతో పాటు మా ఆయనా, మరిదీ.

మధ్యాహ్నానికి సముద్రం లేచింది. రేవులో ఎర్ర జెండా ఎగరేశారు. లాంచీ అటు ఒడ్డునే ఆగిపోయింది. నేను కొట్టు కట్టేసి ఇంట్లోకి వచ్చేసరికి మామయ్య చేతికర్ర పట్టుకుని పెరటి వసారాలో నిలబడి ఆకాశం చూస్తున్నారు.

"ఈ మబ్బు మామూలు మబ్బు కాదు," అన్నారు. "చీకటి పడేలోగా అవతల వాగు పొంగుతుంది. దిగువ పొలం వాగు పక్కనే. మందని పై పొలానికి ఎక్కించాలి. లేకపోతే వాగు పాలు."

కొండ వైపు ఒకసారి చూసి, "ఆసామికి ఫోను చెయ్యమ్మా. మనుషుల్ని పెట్టి తోలించమను. మంద తీసుకోమను," అన్నారు.

ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా మొహం చూడలేదు. ఫోను చేస్తే అంతే, అయిపోయినట్టే. పొలాలు పోతాయి, మంద పోతుంది, నెల తిరిగేలోగా కుట్టుమిషను లాంచీ ఎక్కుతుంది. ఇంత ఇంట్లో మామయ్యా, నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మిగులుతాం. పాలు పొంగినా నవ్వేవాళ్ళుండరు.

"నేను వెళ్తాను," అన్నాను.

"నువ్వా!"

"ఏం, నాకు కాళ్ళు లేవా?"

"కాళ్ళు ఉన్నాయమ్మా. ఊపిరి?"

మరిది గంబూట్లు తొడుక్కున్నాను. అవి నాకు పెద్దవి, అడుగేస్తే లోపల కాలు ఈదుతోంది. మా ఆయన పాత రెయిన్‌కోటు వేసుకుని బయల్దేరాను.

క్యాబేజీ చేను గట్టు దాటేసరికే మొదటి జల్లు పట్టుకుంది. చేను మీద వాన పడితే ఒక చప్పుడు, నా టోపీ మీద పడితే ఒక చప్పుడు. మొదటి గేటు దగ్గర నిలబడి వగరుస్తుంటే గడియకి కట్టిన ఎర్ర గుడ్డ పీలిక కనబడింది. గేటు వేసి ఉంది. దాటి మళ్ళీ వేశాను. తర్వాతి గేటు బార్లా తీసి ఉంది, దానికి తెల్ల పీలిక. నా చేతులు ఊరుకోవుగా, తీసి ఉన్న గేటు చూస్తే వెయ్యకుండా ఉండలేను. వేయబోతున్నాను.

"ఆగాగు, వెయ్యకు!" అని కేక వినబడింది. పక్కన ఉల్లి చేనులో, రేకుల పాక చూరు కింద ఒక అవ్వ కూర్చుని ఉంది. "తెల్లది కడితే తీసి ఉంచాలి. నా మేకలు నీళ్ళకి పోవాలి. ఎర్రది కడితే వెయ్యాలి. మీ చిన్నమ్మాయి మమ్మల్నందర్నీ అడిగి అడిగి కట్టింది. ఇప్పుడు మేము కూడా వాటినే చూసుకుంటున్నాం."

జల్లు తగ్గేదాకా పాకలో నిలబడ్డాను. "నువ్వొస్తుంటే చిన్నమ్మాయే అనుకున్నా," అంది అవ్వ. "సూదుల్లో దారం ఎక్కించి పోతుంది రోజూ. నాకు కనబడి చావదు కదా." పక్కనే చెక్కకి గుచ్చి సూదులున్నాయి, అన్నిటికీ దారాలు వేలాడుతున్నాయి. నిన్నటివి.

ఈ పిల్ల ఇంట్లో ఈ సంగతి ఒక్కటి చెప్పలేదు. గొర్రెల్ని చూసి వస్తున్నానంటే గొర్రెల్నే చూస్తోందనుకున్నాం.

ఎండ వచ్చింది. చిక్కుడు తీగలన్నీ ఆవిర్లు కక్కుతున్నాయి. బురదలో ఒక బూటు ఉండిపోయి కాలొక్కటే పైకొచ్చింది. ఒంటికాలి మీద నిలబడి దాన్ని పీక్కుంటూ కొండనీ, గొర్రెల్నీ, సముద్రాన్నీ, చిన్నదాని తల్లి కంటినీ, ఎవర్నీ వదలకుండా తిట్టాను. ఇంకో గోడ, ఇంకో ఎర్ర పీలిక. పెద్ద బండ దగ్గర మరో జల్లు. ఈసారి వాన రావడం ముందే చూశాను. సముద్రం మీద నల్లగా మొదలై, ఒడ్డు దాటి, ఒక్కో చేనూ తడుపుకుంటూ, ఇక వచ్చేస్తున్నా అన్నట్టు నా మీదకి వచ్చింది. బండకి వీపు ఆనించి నిలబడ్డాను. ఆ బండకి ఒక పక్క మాత్రమే వాన తగలదు. ఆ పక్కన గడ్డి అణిగి చిన్న గుంటలా ఉంది, చిన్నది రోజూ కూర్చునే చోటన్నమాట. నేనూ కూర్చున్నాను.

చివరికి శిఖరం. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి అందేదాకా నేలనే చూశాను. తలెత్తితే దీవి మొత్తం కింద పరుచుకుని ఉంది. ఆకుపచ్చ ముక్కలు, నల్లమట్టి ముక్కలు, మధ్యన గోడలు, ఒక మూల ఎండ, ఒక మూల వాన, చుట్టూ తెల్లగా నురగ. ఇన్నేళ్ళూ దీని అంచున కూర్చుని టీ కాచాను. ఎంత బాగుందో ఎవరూ చెప్పలేదు, చెప్పినా నేను వినేదాన్ని కాదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలి వల్ల కాదు.

అవతలి వాలు దిగాను. దిగువ పొలం మూలన మంద ఒకదానికొకటి అంటుకుని నిలబడి ఉంది, వెనక వాగు ఎర్రగా పరిగెడుతోంది. నేను గేటు తీసి పట్టుకుని, మామయ్యలా రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఊదాను. తుప్పర తప్ప ఏమీ రాలేదు. అప్పుడు నా సొంత గొంతు ఎత్తాను. రేవులో జనం ఉలిక్కిపడే గొంతు.

"హోయ్! రండే! ఇటు రండే!"

మంద మొత్తం ఒక్కసారి బెదిరి వెనక్కి, వాగు వైపుకి జరిగింది. ఒక గొర్రెపిల్ల ముందుకాళ్ళు ఒడ్డు మీంచి జారి, తల్లి అరిచింది. పిల్ల ఎలాగో పాక్కుని పైకి వచ్చింది.

"అలా అరవకమ్మా, దూకేస్తాయి."

గోడ అవతల ఆసామి. గోనెసంచి టోపీలా కప్పుకుని ఎప్పటినుంచి చూస్తున్నాడో. చెడ్డవాడేం కాదు. నిదానంగా మాట్లాడతాడు. "అవి నీ మాట వినవు, నువ్వు వాటికి కొత్త. నా మనుషుల్ని పిలుస్తాను, కుక్కలున్నాయి. మిగతా సంగతి మీ మామా నేనూ మాట్లాడుకుంటాం."

"ఒక్క క్షణం ఆగండి," అన్నాను.

ఇంకేం చేయాలో తోచలేదు. ఒక్కటే తోచింది, అది పరాయి మగవాడి ముందు చెయ్యాలంటే ప్రాణం చచ్చిపోతోంది. వాగు చూశాను. ఆ పిల్లగొర్రె ఇంకా వణుకుతోంది. ఆసామికి వీపు తిప్పి నిలబడి, నడుం కాస్త వంచి, పెదాలు దగ్గరగా పెట్టి,

"రండమ్మా..." అన్నాను. "అబ్బ, ఎంత వానో కదా. ఇలా రండి. తోసుకోకండి, అందరికీ చోటుంది..."

నల్ల చెవుల ముసలి గొర్రె తలెత్తింది. నన్ను చూసింది. మళ్ళీ గాలిలోకి చెవులు రిక్కించింది. ఒక అడుగు వేసింది.

"మీరు ముందు రండమ్మా. చిన్నవాళ్ళని మధ్యన రానివ్వండి. ఆఁ, అలాగ."

ఒకటి కదిలితే మిగతావి ఆగుతాయా? గొర్రెలు కదా! గేటులోంచి నా మోకాళ్ళు రాసుకుంటూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వెనక్కి తిరిగితే ఆసామి సంచి తీసేసి, తడుస్తూ, గోడ మీంచి అటూ ఇటూ వెతుకుతున్నాడు, చిన్నది ఎక్కడ దాక్కుందా అని.

పై పొలానికి మా దారి వాగు పక్కనుంచే. అప్పటికే దాని మీదికి నీళ్ళెక్కాయి. మిగిలింది ఆసామి చిక్కుడు తోట. నేను అడగలేదు. ఆయనే వెళ్ళి తన తోట గేటు బార్లా తీసి పక్కకి తప్పుకున్నాడు. మంద తన చిక్కుడు తొక్కుకుంటూ వెళ్తుంటే గేటు పట్టుకుని నిలబడ్డాడు.

ఎక్కినంతసేపూ నేను చిన్నదాని గొంతుతోనే నడవాలి. నడుమ ఒకచోట బూటు మళ్ళీ కూరుకుపోయి నా అసలు గొంతు బయటికొచ్చింది. మంద ఠక్కున ఆగింది. మళ్ళీ బతిమాలుకున్నాను. ఆ గొంతులో తిట్టడం కుదరదు. నేను ప్రయత్నించాను, నోరు తిరగదు. తిట్లు అయిపోతే మాట్లాడటానికి నా దగ్గర ఇంకేముంది? గొర్రెలకి కబుర్లు చెప్పడం మొదలుపెట్టాను. మీ చిన్నమ్మగారి తల్లికి కన్ను బాగుపడుతుందని చెప్పాను. తను ఎంత మంచిదో మీకు ముందే తెలిసింది, నాకు ఇవాళ తెలిసిందని చెప్పాను. ఇంత కొండ ఒక్కతే రోజూ ఎలా ఎక్కిందో, ఎక్కి వచ్చి అంట్లు కూడా తోమేదని, ఒక్కనాడు అమ్మా అని కూలబడలేదని చెప్పాను. తను వెళ్ళిపోతే నేనేం కావాలని అడిగాను. అవి తడిసిన మొహాలతో వింటూ నడిచాయి.

పై పొలంలో గాలి తగలని గోడ పక్కకి చేర్చి గేటు వేశాను. అక్కడ కూడా ఎర్ర పీలిక ఉంది.

ఇల్లు చేరేసరికి మామయ్య పెరటి గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నారు. పై పొలం శిఖరానికి ఆనుకునే ఉంటుంది, గాలి ఇటు తిరిగితే అక్కడి మాట వసారాలోకి వినబడుతుంది.

"లాంచీ ఎప్పుడొచ్చిందమ్మా?" అన్నారు. "చిన్నమ్మాయి ఏది? ఇందాక మందని పిలుస్తుంటే విన్నాను."

"రాలేదు మామయ్యా."

"మరి?"

నేను బూట్లు విప్పుకుంటూ కూర్చున్నాను. "నేనే."

ఆయన చేతికర్ర మీద ముందుకి వంగారు. "అన్నీ వచ్చాయా?"

"అన్నీ."

లేచి టీ పెట్టబోయాను. "కూర్చో," అన్నారు. చేతికర్ర గోడకి ఆనించి, స్టవ్వు పట్టుకుని నిలబడి, ఆయనే టీ కాచి ఇచ్చారు. పెళ్ళయి వచ్చాక ఆ ఇంట్లో ఇంకొకరు కాచిన టీ తాగడం నాకు అదే మొదలు. చక్కెర మరీ ఎక్కువైంది. ఒక్క చుక్క వదల్లేదు.

మర్నాడు ఆసామి వచ్చాడు. వసారాలో కూర్చుని, "ఏమంటావు మరి?" అన్నాడు.

"ఇవ్వను," అన్నారు మామయ్య.

"వానలు వెళ్ళాక చెప్తానన్నావు."

"ఇప్పుడే చెప్తున్నా. ఇవ్వను. ఇద్దరు కోడళ్ళున్నారు నాకు."

ఆసామి తల పంకించాడు. "చూశాలే. రెండోది ఎక్కడుందో తెలీక నిన్న గోడెక్కి వెతికాను," అని నవ్వి, టీ తాగి వెళ్ళాడు. ఆ రోజూ, తర్వాతి రోజూ మంద దగ్గరికి నేనే వెళ్ళాను.

జెండా దించాక మొదటి లాంచీ వచ్చింది. నేను రేవులో నిలబడ్డాను. చిన్నది ముందు వరసలో, కమ్మీ పట్టుకుని ఉంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. దిగువ పొలాలు మునిగాయని అటు ఒడ్డున ఎవరో చెప్పారట.

"ఇచ్చేశారా అక్కా?" అంది, ఇంకా లాంచీ రేవుకి ఆనకముందే. "మేం అక్కడ అద్దెకి గది కూడా చూసొచ్చాం. నా వల్లే కదా, ఒక్కరోజని వెళ్ళి..."

"ఎవరికిస్తారు? నువ్వూ నేనూ చచ్చామనుకున్నావా?"

దానికి అర్థం కాలేదు. "మరి మంద?"

"పై పొలంలో మేస్తోంది."

"ఎవరు తోలారు?"

"నేను."

లాంచీకి వేసిన చెక్క మీంచి దిగి నా ఎదురుగా వచ్చి నిలబడింది. నా కాళ్ళకున్న బురద బూట్లు చూసింది. అక్కడే సంచీ మీద కూలబడి ఏడుపు మొదలుపెట్టింది. కొండంతా ఎక్కి దిగినా కూలబడని మనిషి! నాకు ఊరడించడం చేతకాదు. ఆ తేనె గొంతు తెచ్చుకుందామని చూశాను, అప్పుడు మాత్రం రాలేదు. వచ్చింది నా గొంతే, రేవంతా వినబడే గొంతు.

"ఆ గది వద్దని చెప్పు! నువ్వు లేకపోతే నేను ఉండలేనే, తెలిసిందా?"

దిగుతున్న జనమంతా ఆగి మా వైపు తిరిగారు. మరిది తాడు చేత్తో పట్టుకుని కట్టడం మరిచిపోయాడు. చిన్నది తలెత్తి, ఏడుస్తూనే, "తెలిసిందక్కా," అంది.